తల లేని అర్జీ

ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో రాత్రి డ్యూటీ చేసీ చేసీ ఆమెకి ఒళ్లు హూనమైపోయింది. పగలు నిద్ర పట్టదు. పట్టినా అదీ ఒక నిద్రేనా! పగటి డ్యూటీకి మార్చమని రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. రెండూ తిరిగొచ్చాయి, అంచున సూపరింటెండెంటు గారి చేతిరాతతో: "సంతోషం."

ఆ సంతోషం దేనికో గుమాస్తా విడమరిచి చెప్పాడు. పెద్దాయనకి కాగితాలు బోలెడు, ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే చదువుతారు. ఈవిడ అర్జీలో మొదటి పేరా "తమ దయవల్ల నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను" అని మొదలైంది. రెండోది "తమరు వచ్చాక మా విభాగానికి మంచి రోజులొచ్చాయి" అని. అసలు సంగతేమో చిట్టచివర, సంతకం పక్కన ఒదిగి కూర్చుంది. మర్యాద అంటే అదే అనుకుంది పాపం.

ఆ సాయంత్రం చిత్తుకాగితం పట్టుకుని ఆడపడుచు దగ్గర కూలబడింది. ఆడపడుచు బడిలో పంతులమ్మ. ఎదురుగా దిద్దాల్సిన వ్యాసాల గుట్ట, కళ్ల కింద నలుపు, ఆమె ప్రాణమూ సగమే ఉంది.

"నా పిల్లలూ ఇంతే వదినా. ముందు చెప్పాల్సింది ముందు చెప్పి చావరు. ఇంతకీ నీకేం కావాలి?"

"పగటి డ్యూటీ."

"అదే రాయి, మొదటి వాక్యం. మిగతావన్నీ దాని వెనకే నడవాలి."

రాసింది. నలుగురి మధ్యా నోరు జారినట్టు సిగ్గేసింది.

"రెండో పేరా దేని గురించి?"

"ఏముంది, అలిసిపోయాను."

"రాయి మరి."

"పని చేతకాదనుకుంటారేమో."

"అలిసిపోయావా, లేదా?"

అదీ రాసింది. దాని కింద కారణాలు కూడా: మరిగే నీళ్ల ఆవిరి, తడి దుప్పట్ల బరువు, నిలబడి నిలబడి వాచిన కాళ్లు. మూడో పేరా మాత్రం ఎవరూ చెప్పకుండా తనే ఎత్తుకుంది: "అయినా ఎలాగో సర్దుకుంటాను."

ఆడపడుచు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసింది. "ఆయన ఇది చదివి మళ్లీ సంతోషిస్తాడు. అలిసిపోయాను అన్నాక 'అయినా' కాదు వదినా, 'కాబట్టి'."

కాబట్టి అని రాసి ఆమె ఆగిపోయింది. ఎప్పుడూ అక్కడిదాకా వచ్చిన మనిషి కాదు మరి. చాలాసేపటికి పూర్తి చేసింది: "కాబట్టి నేను రాత్రిపూట పడుకోవాలి."

అప్పుడే మొగుడు పనినుంచి వచ్చాడు. ఆయన వచ్చే వేళకి ఈవిడ బయల్దేరడం, ఈవిడ వచ్చే వేళకి ఆయన బయల్దేరడం ఆ ఇంట్లో మామూలే. ఏం రాస్తున్నారని అడిగితే చెల్లెలు కాగితం మొత్తం చదివి వినిపించింది.

ఆయన చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రాత్రి డ్యూటీ నీకిష్టమేమో అనుకున్నానే ఇన్నేళ్లూ," అన్నాడు. "ఎప్పుడడిగినా బాగానే ఉందన్నావుగా."

ఆమెకి కోపం రావాలి. దానికీ ఓపిక లేదు. గోడకి చేరగిలబడి, ఆయన ఎదుట మొదటిసారి ఏడ్చింది. డ్యూటీకి వేళ దాటిపోతోందని అన్నాచెల్లెళ్లిద్దరిలో ఎవరూ గుర్తు చేయలేదు.