మేనల్లుడి మూడో కోరిక

మర్గులాన్ ఆ రోజు మేనమామ ఒతెగెన్ బూట్లు తనే దులిపి గుమ్మం పక్కన సర్ది పెట్టాడు. అది చూడగానే ఆయన కూతురు బల్జాన్‌కు అర్థమైపోయింది, వీడు ఏదో పట్టుకుపోవడానికే వచ్చాడని.

వాళ్ళ ఆచారంలో మేనమామ పిల్లలు తోబుట్టువుల వరస. మేనల్లుడు మేనమామ ఇంట మూడు కోరికలు కోరవచ్చు. మూడింటికీ కాదనకూడదు. మర్గులాన్ మీసాలు రాకముందు వేటకుక్కను అడిగి తీసుకుపోయాడు. పెళ్ళప్పుడు వెండిపువ్వుల జీను అడిగాడు. మూడోది మాత్రం ఇన్నేళ్ళుగా అడక్కుండా దాచుకున్నాడు.

టీలో ఒంటెపాలు పోస్తున్న బల్జాన్ చేయి ఆగలేదు గానీ చెవులు అటే ఉన్నాయి.

"మావయ్యా, నా మూడోది అడుగుతున్నా. నీ కెమెరా ఇవ్వు," అన్నాడు మర్గులాన్.

అది మెడలో తగిలించుకుని తిరిగే రకం కాదు. ఇటుకంత బరువు. కళ్ళకు ఆనించుకోకుండా బావిలోకి చూసినట్టు పైనుంచి తొంగిచూడాలి. అరచేతిలో సగముండే ఫిల్ము మీద, రీలుకు పన్నెండే బొమ్మలు. ఒతెగెన్ పడుచుతనంలో భూగర్భ సర్వేవాళ్ళతో ఎడారంతా తిరిగినప్పటిది. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ పాస్‌పోర్టు ఫొటోలకూ బల్జాన్‌కు వేరే చిన్న కెమెరా ఉంది. ఇది మాత్రం ఎడారికే.

ఈ వారం వానలకు బోజ్జిరా లోయలో తెల్లమట్టి మీద నీళ్ళు నిలిచాయి. సున్నపు కొండలు ఆ నీళ్ళలో తలకిందులుగా నిలబడటం ఒతెగెన్ బతుకులో ఒక్కసారే చూశాడు. అప్పుడాయన దగ్గర రీలు అయిపోయింది. బల్జాన్ అసలు చూడనే లేదు. నీళ్ళు ఇంకిపోయేలోగా, పొద్దుటి గాలి లేవకముందే అక్కడ ఉండాలని మూడుకాళ్ళ స్టాండుతో సహా అన్నీ సర్దుకుని కూర్చుంది.

"అది నీకెందుకురా? ఫోన్లో వేలు అడ్డం పెట్టకుండా ఫొటో తియ్యడం చేతకాదు నీకు," అంది.

"నాక్కాదు. అల్మాటీ పట్నం నుంచి ఒకాయన వచ్చాడు, రేపు బోజ్జిరాకి నేనే తీసుకెళ్తున్నా. పాత కెమెరాలంటే పడి చస్తాడు. ఇదిచ్చానంటే తన మనుషులందర్నీ నా బండికే పంపిస్తాడు. అయినా నేనడిగింది మా మావయ్యని. నువ్వెవరు మధ్యలో?"

"ఎల్లుండి తీసుకో. రేపొక్కరోజు నాక్కావాలి."

"ఆయన రేపు అట్నుంచటే వెళ్ళిపోతాడు. నీళ్ళదేముందక్కా, మళ్ళీ వాన పడదా? మొగుడు వదిలేసినప్పట్నించీ ఆ రాళ్ళముందు కాకిలా నిలబడటమేగా నీ పని. ఇంకో నాలుగేళ్ళు నిలబడు."

"మేనల్లుడు ఇంటివాడు కాడు, మెడమాంసం భోజనం కాదు. పెద్దలు ఊరికే అన్నారా?"

"బల్జాన్!" అన్నాడు ఒతెగెన్. చేతిలో గిన్నె వణికి టీ తొణికింది.

ఆ వణుకుకో కథ ఉంది. మర్గులాన్ చిన్నప్పుడు ఆ కెమెరా పక్కనున్న, షట్టరు వేగం మార్చే చక్రం తిప్పబోతే ఒతెగెన్ లాగి చెంపమీద కొట్టాడు. మేనల్లుణ్ణి కొట్టినవాడి చేతులు వణుకుతాయంటారు. ముసలితనంలో వణుకు మొదలయ్యాక డాక్టరు ఏం చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఆ చెంపదెబ్బే గుర్తొచ్చింది. అయితే ఎందుకు కొట్టాడో ఆ పిల్లాడికి ఏనాడూ చెప్పలేదు. మీట తిప్పి లోపలి స్ప్రింగు బిగించాకే ఆ చక్రాన్ని ముట్టుకోవాలి. బిగించకుండా తిప్పితే లోపలి పళ్ళు విరిగిపోతాయి, బాగుచేసేవాడు కూడా దొరకడు. బల్జాన్ వేళ్ళకు ఆ వరస జడ అల్లడం వచ్చినట్టే వచ్చింది.

"ఇచ్చెయ్యమ్మా," అన్నాడు తండ్రి, ఆమె ముఖం చూడకుండా.

బల్జాన్ పెట్టె తెచ్చి భోజనాల గుడ్డ మీద రొట్టెల పక్కన పెట్టింది. కెమెరా బయటికి తీసి వెనకనున్న రీలుడబ్బా ఊడదీసింది. ముందున్న లెన్సు తిప్పి లాగింది. పైనున్న చూపుగొట్టం జరిపి తీసింది. నాలుగూ వరసగా పేర్చింది.

"తీసుకో."

"ఏంటిది?"

"ఒక్క కోరికకి ఒక్కటే. ఏది కావాలో కోరుకో."

మర్గులాన్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఎవరూ అందుకోకపోయేసరికి మొహం ఎర్రబడింది. "మావయ్యా, నీ కూతురు నన్ను ఎగతాళి చేస్తోంది. బండి ఇస్తానని చక్రం ఇచ్చేవాళ్ళుంటారా?"

ఒతెగెన్ గడ్డం నిమురుకున్నాడు. "నువ్వు జీను అడిగావు. కళ్ళెం అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆనాడు నువ్వు నోరెత్తలేదురా మర్గులాన్. ఈనాడూ అదే పద్ధతి."

బల్జాన్‌కు గుండె మీంచి బరువు దిగినట్టయింది. ముక్క తీసుకుని వీడేం చేసుకుంటాడు, కోపంతో లేచిపోతాడు అనుకుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్న మనిషి గురించి అలా ఎలా అనుకుందో!

మర్గులాన్ ఆ నాలుగింటినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కళ్ళెత్తి బల్జాన్‌నే చూస్తూ, అన్నిటికన్నా చిన్నదైన రీలుడబ్బా తీసి కోటు జేబులో వేసుకున్నాడు.

"ఇది చాలు నాకు. మిగతాది నువ్వే ఉంచుకోక్కా. దిష్టిబొమ్మకి తగిలించు."

ఆమె దగ్గరున్న డబ్బా అదొక్కటే. అది లేకపోతే ఫిల్ముకు చోటు లేదు.

తెల్లవారకముందే బల్జాన్ తన పాత జీపులో బోజ్జిరాకు బయల్దేరింది. ఎందుకని తండ్రి అడగలేదు. కనీసం కళ్ళతోనైనా చూసి రావాలనుకుంది. అదీగాక వాడు అక్కడే ఉంటాడు.

లోయలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. కోరల్లాంటి రెండు తెల్లకొండలు కిందికి కూడా అంతే నిటారుగా దిగి ఉన్నాయి. ఆమె స్టాండు పాతి, కెమెరా బిగించి, పైనుంచి తొంగిచూసింది. గాజు మీద నాలుగు కోరలు.

వెనకనుంచి బూట్ల చప్పుడు. అల్మాటీ మనిషి ఇంకా బండిలోనే ముడుచుకుని నిద్రపోతున్నాడు. మర్గులాన్ ఒక్కడే వచ్చి జేబులోంచి డబ్బా తీసి ఎగరేసి పట్టుకున్నాడు.

"కావాలా?"

ఆమె చేయి చాపితే డబ్బా వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వొక్కదానివే తెలివైనదానివి అనుకోకు. ఇది నీకు తిరిగిచ్చేస్తా. అప్పుడు నా మూడోది నాకు మిగిలే ఉంటుందిగా? మళ్ళీ అడుగుతా, ఈసారి పెట్టెతో సహా, మొత్తం ఇమ్మని. నీళ్ళ ఫొటో కావాలంటే కెమెరా వదులుకో. కెమెరాయే కావాలంటే ఈ డబ్బా మా ఇంట్లో ఉప్పు పోసుకోడానికి పనికొస్తుంది. త్వరగా తేల్చు, గాలి లేస్తోంది."

నిజమే, నీటి అంచున గరికపోచ ఒకటి అప్పుడే తలూపింది.

"ఇలా తే," అంది బల్జాన్.

"అలా కాదక్కా. తమ్ముడూ, ఇవ్వు అని అడగాలి."

"తమ్ముడూ, ఇవ్వు."

ఆ మాట నోట్లోంచి వస్తుంటే చేదు తగిలింది. వెంట తెచ్చిన ఫిల్ము డబ్బాలోకి ఎక్కించి, దాన్ని కెమెరాకు బిగించి పని మొదలుపెట్టింది. మీట తిప్పడం, చక్రం చూసుకోవడం, తొంగిచూడటం, నొక్కడం. ఒక్కో బొమ్మకూ ఊపిరి బిగబట్టింది. వెనక మర్గులాన్ పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ఉమ్ముతూ నిలబడ్డాడు. చివరి బొమ్మ తీసేసరికి నీళ్ళ మీద మొదటి ముడత పడి కోరలు చెదిరిపోయాయి.

రీలు పూర్తిగా చుట్టి డబ్బాలోంచి తీసి పిడికిట్లో పెట్టుకుంది. ఖాళీ డబ్బా మళ్ళీ బిగించి, కెమెరా స్టాండు మీంచి దించి, పెట్టెతో సహా అతని చేతుల్లో పెట్టింది. స్ప్రింగు బిగించి లేదు.

"అంతేనా? మీ నాన్న ఇంతదానికా నా చెంప పగలగొట్టింది?" అన్నాడు మర్గులాన్. కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలు పక్కనున్న చక్రం మీదికి పోయింది.

బల్జాన్ ఆ వేలినే చూసింది. చెప్పడానికి ఒక్క మాట చాలు, అంత వ్యవధీ ఉంది. ఆమె స్టాండు కాళ్ళు మడిచి భుజానికెత్తుకుని జీపు వైపు తిరిగింది.

వెనక ఎవరో ఎండు గింజ కొరికినట్టు చిన్న చప్పుడయ్యింది.

"అక్కా, ఇదేంటి, ఇది తిరగట్లేదు... ఏయ్, నిన్నే!"

ఆమె నడుస్తూనే రీలు చివరి కాగితం పట్టీని నాలుకతో తడిపి అతికించింది. జిగురుతో పాటు ఉప్పు కూడా తగిలింది నాలుకకు.