వదులు చేసిన మూత

మా ఆయన సత్యారావుకి చేయి ఊరుకోదు. ఎవరింటికెళ్ళినా ఏదో ఒకటి సర్దాల్సిందే. పెళ్ళైన నాటి నుంచీ తిడుతూనే ఉన్నాను, వింటేనా!

ఆయన మేనకోడలు కనకమహాలక్ష్మి విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. సముద్రం అడుగున నేల చీలి, సలసల కాగే నీళ్ళు ఎగజిమ్మే చోట్లుంటాయట. ఆ వేడిలోనే బతికే బ్యాక్టీరియాని ఓడవాళ్ళు పట్టి తెచ్చారు. ల్యాబ్‌లో వేడిపెట్టె పాడై మిగతా సీసాల్లోవన్నీ చచ్చి, ఒక్క సీసాయే మిగిలింది. అదీ పోతే పిల్ల ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. చోడవరంలో మా బెల్లం పొయ్యి సీజనంతా ఆరదు కదా, పెట్టె బాగయ్యేదాకా ఇక్కడే ఉంచుదామని సీసా పట్టుకుని వచ్చేసింది.

పొయ్యి గట్టు మీద వేడినీళ్ళ కుండలో సీసా నిలబెట్టి, నీళ్ళు మరగకుండా, చల్లారకుండా చూడమని మావయ్యకి అప్పజెప్పింది. ఆయన చెరకు పిప్పి ఎగదోస్తూ అక్కడి నుంచి కదిలితే ఒట్టు. అందులో ప్రాణముందా అని అడిగితే ఉందని చెప్పింది. గాలి సంగతి మాత్రం చెప్పలేదు. బిగించిన మూత ఎవరు తీస్తారులే అనుకుంది పాపం.

మా వైపు చెరకు రసం సీసాలో పోస్తే మూత బిగించం. పులిసి పేలుతుందని ఓ చుట్టు వదులుగా ఉంచుతాం. పిల్ల భోజనానికి వెళ్ళగానే ఈయన అదే పని చేశాడు. పైగా మూత కింది రబ్బరు బిరడా కూడా కాస్త ఎత్తాడు.

ఆమె తిరిగొచ్చేసరికి సీసాలో నీళ్ళలా ఉన్నది గులాబీ రంగుకి తిరిగింది.

"సూడమ్మా, ఎంత మంచి రంగొచ్చిందో," అన్నాడు మురిసిపోతూ. "ఊపిరాడక సచ్చిపోతాదని మూత వదులు చేసేను."

పిల్ల ముఖం పాలిపోయింది. అయినా, "మంచి పని చేసేవు మావయ్యా," అంది.

తర్వాత చెరకు మోపుల వెనక నన్ను పట్టుకుని ఏడ్చింది. గాలి చొరబడితే తెలియాలని తనే అందులో ఓ మందు కలిపిందట, గులాబీ రంగు దానిదేనట. చల్లగా ఉంటే ఆ బ్యాక్టీరియా కాసేపైనా ఓర్చుకునేదట గానీ, వేడిలో గాలి తగిలితే బతకదట. ఆయనది పాడు చేయి, పాడు చేయి అనుకున్నాను. లేచి ఆయన్ని కడిగేద్దామని వెళ్ళబోతే పిల్ల నా చెయ్యి వదల్లేదు.

"సెప్పకత్తా. నా సదువు పోతే పోనీ. తెలిస్తే మావయ్య మళ్ళీ పొయ్యి కాడ కూకోలేడు."

పెట్టె బాగైందని ఆయనతో చెప్పి సాయంత్రం బయల్దేరింది. ఆయన క్యారేజీ గిన్నెలో వేడి బూడిద పోసి, సీసా అందులో పాతి, తన తువ్వాలు చుట్టి బస్సు దాకా మోసుకొచ్చాడు. ఒళ్ళో పెట్టుకోమని, చల్లగాలి తగలనివ్వద్దని ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆమె రెండు చేతులా అందుకుంది.

బస్సు కదిలాక నా వైపు తిరిగాడు.

"బతుకుతాదంటావా?"

బతుకుతుందనే చెప్పాను.