అయ్యోరు చూసిన తోకచుక్క

మా ఆయన బడిపంతులు. పగలు పిల్లలకు ఎక్కాలు చెప్తాడు, పొద్దు గుంకితే మిద్దె ఎక్కుతాడు. మిద్దె మీద ఆయనకొక దుర్భిణి ఉంది. ఆదోనిలో ఎవరో దొర సామాను వేలం వేస్తుంటే, నా కమ్మల కోసమని పోయిన మనిషి దాన్ని భుజాన వేసుకుని వచ్చాడు. కమ్మలేవయ్యా అంటే, చుక్కలు చూపిస్తా రావే అన్నాడు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. ఆనాటి నుంచి నాకు చుక్కలు చూపిస్తూనే ఉన్నాడు.

ఆయన కోరిక ఒక్కటే. తోకచుక్కను అందరికంటే ముందు తాను చూడాలి. దొరల దేశాల్లో ఇల్లంత దుర్భిణులు పెట్టుకుని వెతికేవాళ్లు ఉన్నారట. వాళ్లతో మనకు పోటీ లేదులే, మన ఊళ్లో నేను ముందు చూస్తే చాలు అనేవాడు. అంత చిన్న కోరికను దేవుడు ఎందుకు తీర్చడో అని నేను కూడా లోలోపల అనుకునేదాన్ని. పైకి మాత్రం ఎగతాళి చేసేదాన్ని.

యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో తోకచుక్క రానే వచ్చింది. మా ఆయన కోడి కూయకముందే లేచి తూర్పున వెతుకుతున్నాడు. అదేమో మాపటేళ పడమట వచ్చింది. దాన్ని మేకల గిడ్డమ్మ చూసింది. చూసి ఊరుకుందా, మా గడపలోకి వచ్చి, "అయ్యోరా, పడమట తోకచుక్క వచ్చిండాది, చూస్తివా?" అని అడిగింది. ఆయన అప్పుడు అన్నం తింటున్నాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. "మిద్దెక్కి కూచున్నోనికి కాకుండా మేకల ఎనక నడిచేదానికి కనపడిందే, దుర్భిణి గిడ్డమ్మకిచ్చి నువ్వు మేకలు కాయిపో" అన్నాను. ఆయన మిద్దె ఎక్కి తెల్లారేదాకా దిగలేదు. అంతగా బాధపడతాడని తెలిస్తే ఆ చివరి మాట అనకపోదును.

అప్పటినుంచి సాయంత్రమైతే చాలు, పడమటి దిక్కుకు తిరిగి కూర్చునేవాడు. వానాకాలం వచ్చింది. మొదటి వానకు అందరం వేరుశనగ వేశాం. ఆ తర్వాత చినుకు లేదు. ఊరంతా పడమట వానమోడం ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటే, మా ఆయన ఒక్కడే మోడం లేకపోతే సంబరపడేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆ సంబరాన్ని కడుపులో దాచుకున్నా బాగుండేది. ఒకరోజు మాపటికి నల్లటి మబ్బు కాస్త లేచి, అంతలోనే చెదిరిపోయింది. మిద్దె మీద ఈ మహానుభావుడు "హమ్మయ్య" అన్నాడు. పక్కింటి బొజ్జన్న తన పెరట్లో నిలబడి ఆ మబ్బుకే దండం పెడుతున్నాడు. విన్నాడు.

తెల్లారేసరికి ఊరు మా ఇంటి ముందు ఉంది. "ఇల్లు కాలి ఒకడు ఏడుస్తాంటే చుట్టకు నిప్పు అడిగినట్లుండాది నీ యవ్వారం. ఆ గొట్టం పడమటికి పెట్టినప్పటినుంచి మోడం బెదిరి పోతాండాది. వాన పడేదాకా దాన్ని దించు అయ్యోరా" అన్నాడు బొజ్జన్న.

మా ఆయన ఊరుకోకుండా పాఠం మొదలుపెట్టాడు. మబ్బు ఎట్లా పుడుతుంది, గాలి ఎటు వీస్తుంది, దుర్భిణిలో గాజు ఏం చేస్తుంది. వినేవాళ్ల మొహాలు చూస్తే నాకే భయమేసింది. నేను మిద్దె ఎక్కి, దుర్భిణిని పాత చీరలో చుట్టి కిందికి తెచ్చి, జొన్నల గాదెలో పెట్టి మూత వేశాను. అది మోడాన్ని బెదిరిస్తుందని నేనేం నమ్మలేదు. కానీ నా చేలో వేరుశనగ చెట్లు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. అట్లాంటప్పుడు మనిషి నమ్మనివాటిని కూడా ఒకసారి నమ్మి చూస్తాడు.

ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. వట్టి కళ్లతోనే పోయి మిద్దె మీద కూర్చునేవాడు. కూర్చోనీలే, వట్టి కళ్లకు మోడం బెదరదుగా అనుకున్నాను.

వాన కోసం కప్పలను రోకలికి కట్టి ఊరేగించిన రోజది. వీధి వీధీ తిరిగి అందరం కప్పల మీద బిందెలతో నీళ్లు పోశాం. చీకటి పడేవేళకు ఇంటికొచ్చి నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. మిద్దె మీద నుంచి కేక వినబడింది.

"గిడ్డమ్మా, మేకల్ని వంకలోంచి తోలుకో. వాన వస్తాంది."

వంకలో నీళ్లు ఎండిపోయి ఇసుక మిగిలింది కాబట్టి, చల్లగా ఉంటుందని గిడ్డమ్మ మేకల దొడ్డి అందులోనే వేసుకుంది. ఆ కేకకు అందరూ బయటికొచ్చి తలెత్తి చూశారు. నడినెత్తిన చుక్కలు మిలమిలమంటున్నాయి. "కప్పల్ని విడిచిపెట్టనే లేదు, అప్పుడే వానంట" అని బొజ్జన్న నవ్వాడు. మా ఆయన నిచ్చెన దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వంక దిక్కుకు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. గిడ్డమ్మా ఆయనా కలిసి మేకల్ని గట్టుకు తోలేసరికి గాలి లేచింది. ఆ వెనకే వాన. కాసేపటికి వంక రెండు గట్లూ పట్టి పారింది. ఒక్క మేక కూడా పోలేదు.

తడిసి ముద్దయి వచ్చాడు. తల తుడుచుకోను గుడ్డ ఇచ్చి, "నీకెట్లా తెలిసెనయ్యా?" అని అడిగాను.

"పడమట కిందుండే చుక్కలు మునిగే యాళ కాకముందే మునుగుతాండాయి. ఏదో మింగుతాండాదని తెలిసె" అన్నాడు. గుడ్డ పిండుకుంటూ, "ఇంగోటి గూడా మింగింది" అన్నాడు.

"ఏంది?"

"తోకచుక్క. అప్పుడే కనపడె. మోడం దానికాడికి ఎక్కొస్తాంది. మిమ్మల్నందర్నీ పిలిచి చూపిద్దామనుకుంటి. పిలిస్తే అందరూ మిద్దె ఎక్కుదురు, మేకలు వంకలోనే ఉండిపోతాయి."

ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. నాకు ఏడుపు వచ్చింది.

ముసురు పట్టి పక్షం రోజులు విడవలేదు. చెట్లు తేరుకున్నాయి, ఊరు తేరుకుంది. ఆకాశం తెరిపిచ్చేసరికి పడమట ఏమీ లేదు.

అప్పుడు బొజ్జన్న ఆదోని నుంచి పేపరు తెచ్చాడు. వెనకే గిడ్డమ్మ చెంబు నిండా మేకపాలతో వచ్చింది. ఇద్దరూ మా అరుగు మీద కూర్చున్నారు. "మోడాన్ని చూస్తివి సరే. యాడ చూసినా మల్లా తోకచుక్క వచ్చిందంట, పేపర్లో వేసినారు. నీకు కనపడకపాయెనా అయ్యోరా?" అన్నాడు బొజ్జన్న.

"చూసినా. వాన పడిన పొద్దే" అన్నాడు మా ఆయన.

బొజ్జన్న మీసాల్లో నవ్వాడు. "పేపరొచ్చినాక చూసినట్లుండావే. ఇంగెవురన్నా చూసిరా?"

మా ఆయన తల దించుకున్నాడు. బడిలో లెక్క రాని పిల్లవాడు అట్లా నిలబడతాడు. నాకు ఒళ్లు మండింది. నా మొగుణ్ణి నేను వెక్కిరించుకుంటాను, అది నా ఇష్టం. మధ్యలో ఈ బొజ్జన్న ఎవడు?

"నేను చూసినా" అన్నాను. "పెనం మీద రొట్టె ఏసి పోయి చూసినా. తల ఇంత ఉండె, తోక ఆవుతోక మాదిరి కిందికి యాలాడతాండె."

బొజ్జన్న నొసలు ముడిచాడు. "కిందికా? ఎండాకాలం వచ్చినదానికి తోక పైకుండె గదా, మేమందరం చూస్తిమి. తోక యాపొద్దూ సూర్యునికి ఎడంగా పోతాది, మాపటేళ పైకే ఉంటాదని బడికాడ చెప్పింది నువ్వే కదా అయ్యోరా?"

మా ఆయన సంగతి నాకు తెలుసు. ఎక్కం తప్పు చెప్తే ఎవరి బిడ్డయినా గోడకుర్చీ వేయిస్తాడు. పూజారి తిథి తప్పు చెప్తే గుళ్లోనే సరిదిద్దుతాడు. అట్లాంటి మనిషి ముందు తోకచుక్కకు తోక తిరగేసి పెట్టాను. ఇప్పుడు నిజం చెప్తే నా అబద్ధంతోపాటు ఆయన చుక్క కూడా పోతుంది. ఆయన పెదాలు రెండుసార్లు కదిలాయి.

"దీనిది కిందికే" అన్నాడు, నేల చూస్తూ. "అట్లాంటివి గూడా ఉంటాయి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అదృష్టంకొద్దీ బొజ్జన్న వాటిని చూడలేదు. గిడ్డమ్మ పాలచెంబు నా చేతికిస్తూ, "హులిగెమ్మక్క చూసినానంటే చూసినట్లే. మొగుణ్ణి ఒక్కపొద్దన్నా మెచ్చుకున్న మనిషేనా?" అంది. బొజ్జన్న తల గోక్కుని, "అయితే ఈ తూరి ఊర్లో నువ్వే ముందు అయ్యోరా" అని ఒప్పుకుని లేచాడు.

వాళ్లు పోయారు. నేను గాదె తీసి దుర్భిణిని ఆయన పక్కన పెట్టి, రొట్టె వడ్డించాను. ఆయన రొట్టె తుంచి, ఉల్లిగడ్డను మధ్యలో సూర్యుడిగా పెట్టి, తోక ఎటు ఉంటుందో, ఎందుకుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. రొట్టె చల్లారిపోయేదాకా చెప్పాడు. మధ్యలో లేవకుండా విన్నాను.

"ఇంగోసారి చూసినప్పుడు సరిగ్గా చూడు" అన్నాడు చివరికి.

సరేలే అన్నాను.