లక్ష్మీపతి చూసిన ఫుట్‌బాల్

కొడుకు ఫుట్‌బాల్ ఆడతాడన్న సంగతి లక్ష్మీపతికి మూడేళ్ళుగా తెలుసు. కాలితో తన్నేది కాదు, బంతి చేతపట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఆ ఆట ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. తెలుసుకోవాలన్న కుతూహలం కూడా ఆయనకు ఎప్పుడూ కలగలేదు. శనివారం మధ్యాహ్నాలు ఆయనకు బాడ్మింటన్ ఉండేది, లేదంటే తెలుగు సంఘం మీటింగు ఉండేది, ఏదీ లేనప్పుడు నిద్ర ఉండేది. అఖిల్‌ని ప్రాక్టీసుకి దింపడం, వాచిన భుజానికి ఐసు పెట్టడం, మట్టిగొట్టుకున్న బట్టలు ఉతకడం, మ్యాచ్‌లకి వెళ్ళి గ్యాలరీలో ఓ మూల కూర్చుని చప్పట్లు కొట్టడం, అన్నీ భార్య నళిని వంతు.

అసలు మొదట్లో ఆయన ఒప్పుకోనే లేదు. "ఆ దున్నపోతుల మధ్య పడి నలిగి ఛస్తావు. టెన్నిస్ ఆడుకోరాదూ!" అన్నాడు. తర్వాత ఒక పుట్టినరోజు పార్టీలో, పిస్కాటవే ఊళ్ళో మనవాళ్ళందరికీ పెద్దదిక్కులాంటి డాక్టర్ కృష్ణమోహన్ గారు, స్కూల్ టీమ్‌లో ఆడిన పిల్లలంటే మంచి కాలేజీలకి మోజని సెలవిచ్చారు. ఆ పూట నుంచి లక్ష్మీపతి మాట మారిపోయింది. ఏ ఇంట్లో వ్రతమైనా, ఏ ఇంట్లో పాట్‌లక్ అయినా, ప్లేటు చేతిలోకి రాకముందే "మావాడు ఫుట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడండీ" అనేవాడు. ఏ పొజిషన్ అని ఎవరైనా అడిగితే "ఫ్రంట్‌లో" అనేవాడు. ఫ్రంట్ అంటే ఏమిటో ఆయనకూ తెలియదు, విన్నవాళ్ళకూ తెలియదు కాబట్టి రోజులు హాయిగా గడిచిపోయాయి.

అలా గడవనివ్వనివాడు ఒక్కడే, శశికాంత్. కరీంనగర్ మనిషి, ఒకే ఆఫీసు, ఒకే వీధి. కూతురు తన్వి అఖిల్ చదివే స్కూల్లోనే చదువుతోంది. "మూడేండ్ల సంది వినుడే గానీ చూసుడు లేదన్నా. ఒకసారి చూపియ్యరాదు మీవోని ఆట!" అన్నాడు నలుగురిలో. లక్ష్మీపతికి పౌరుషం పొడుచుకొచ్చింది. సీజన్‌లో సొంత గ్రౌండ్ మీద జరిగే ఆఖరి మ్యాచ్‌కి నాలుగు కుటుంబాలను పిలిచేశాడు.

ఆ సంగతి చెబితే అఖిల్ ముఖం వెలిగింది, వెంటనే కాస్త వాడింది. "నాన్నా, నువ్వు వస్తే నాకు హ్యాపీ. బట్ నేను గేమ్‌లో ఆడను. ప్రాక్టీస్‌లోనే ఆడతాను," అన్నాడు వచ్చీరాని తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"అదేంలే, ఆడతావు," అన్నాడు లక్ష్మీపతి ఫోన్‌లోంచి తలెత్తకుండా. వాడిది వినయం అనుకున్నాడు. తన కొడుక్కి వినయం ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించుకున్నా బాగుండేది.

శనివారం ఎండ బాగా కాసింది. అయిదు కుటుంబాలూ రెండు వరుసలు ఆక్రమించి కూర్చున్నాయి. శశికాంత్ భార్య రాగిణి రేకు కాగితంలో చుట్టి తెచ్చిన బజ్జీలు చేతులు మారుతున్నాయి. లక్ష్మీపతి పెళ్ళివారిని ఆహ్వానించే కన్యాదాతలా అందరినీ పలకరిస్తూ తిరిగాడు. ఆ పూట ఆయనకు కావలసింది ఒక్కటే: కొడుకు విజృంభించి ఆడుతుండగా శశికాంత్ నోరు మూతపడాలి. కొడుక్కి ఏం కావాలో ఆయనకు తట్టలేదు. వాడికి కావలసింది తండ్రి వచ్చి కూర్చోవడం, అంతే. అది దొరికేసింది కాబట్టి వాడు మైదానం అంచున నిలబడి, పైకి చూసి, చెయ్యి ఊపాడు. నళిని ఊపింది. లక్ష్మీపతి ఎవరికో బజ్జీ అందిస్తున్నాడు.

ఆట మొదలైంది. ఇదేం ఆటో దేవుడికి తెలియాలి. నాలుగడుగులు పరిగెత్తి గుట్టగా పడతారు, లేచి ముచ్చట్లు పెట్టుకుంటారు, మళ్ళీ నాలుగడుగులు పరిగెత్తి గుట్టగా పడతారు. మనవాళ్ళ చేతికి బంతి రాగానే లక్ష్మీపతి లేచి నిలబడి "కమాన్! కమాన్!" అని అరిచాడు. క్రికెట్‌లో మనవాడు బ్యాటింగుకి దిగితే అరవడమే ఆయన ఎరిగిన మర్యాద.

"అంకుల్, షష్! మన దగ్గర బాల్ ఉంటే సైలెంట్‌గా ఉండాలి. మనవాళ్ళ కాల్స్ మనవాళ్ళకి వినపడాలి కదా. వాళ్ళ దగ్గర బాల్ ఉన్నప్పుడు అరవండి," అంది తన్వి. చుట్టూ ఉన్నవాళ్ళు అప్పటికే తల తిప్పి చూస్తున్నారు. లక్ష్మీపతి కూర్చున్నాడు.

"మన అఖిల్ ఏ నంబర్ అన్నా?" అన్నాడు శశికాంత్.

"పద్దెనిమిది."

"ఆడ నిలబడ్డోడు పద్దెనిమిదే కదా. ఇంక దిగలేదు?"

"దిగుతాడు. మంచి ప్లేయర్లని చివరికి అట్టిపెట్టుకుంటారు," అన్నాడు లక్ష్మీపతి.

తన్వికి అబద్ధం అర్థం కాలేదు పాపం. "నో అంకుల్. అఖిల్ స్కౌట్ టీమ్. ప్రాక్టీస్‌లో అదర్ టీమ్ లాగా యాక్ట్ చేస్తాడు. గేమ్‌లో ఆడడు," అంది.

"అంటే ట్వెల్త్ మ్యానా?" అన్నాడు శశికాంత్. "మూడేండ్లూ?"

రెండు వరుసలూ నవ్వాయి. నవ్వులో పెద్ద విషమేమీ లేదు, మనవాళ్ళ మామూలు నవ్వే. కానీ లక్ష్మీపతి చెవులు ఎర్రబడ్డాయి. నళిని వైపు వంగి పళ్ళు బిగించి అడిగాడు.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు. మీకూ చెప్పాడు వాడు."

"నలుగురినీ పోగేసుకుని వస్తుంటే ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చుగా!"

నళిని మైదానం వైపు తిరిగింది. మూడేళ్ళలో ఆ ఆట ఆమెకు బాగానే అర్థమైంది, మొగుడు అంతకుముందే అర్థమయ్యాడు.

ఆ తర్వాత లక్ష్మీపతి ఆట చూడలేదు. పద్దెనిమిదో నంబరు వీపునే చూస్తూ కూర్చున్నాడు. అలిసి వచ్చినవాడి చేతికి అఖిల్ నీళ్ళ సీసా ఇస్తుంటే ఈయన కడుపు రగిలిపోయింది. కిందపడి లేచినవాడి వీపు తడుతుంటే ఇంకా రగిలింది. లక్షణంగా చదువుకున్న తన ఇంట పుట్టి, పదిమంది చూస్తుండగా నీళ్ళందిస్తాడా! వాడు సంతోషంగా ఉన్నాడన్నది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తూనే ఉంది. అదే ఆయనకు మరీ కంపరంగా తోచింది.

ఆట ఆఖరికి వచ్చేసరికి మనవాళ్ళు మూడంటే మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. గ్యాలరీ అంతా లేచి నిలబడింది. అవతలివాళ్ళు విసిరిన బంతిని మనవాడొకడు గాల్లోనే లాక్కుని నేలమీద పడ్డాడు. బంతి మళ్ళీ మన చేతికొచ్చింది. గడియారంలో ఇంకా కొద్ది సెకన్లు మిగిలాయి. అప్పుడు కోచ్ వెనక్కి తిరిగి ఎవరినో పిలిచాడు. పద్దెనిమిదో నంబరు హెల్మెట్ తగిలించుకుంటూ పరుగున మైదానంలోకి వెళ్ళింది.

స్కూలు పిల్లలు బెంచీల మీదికెక్కి "అఖిల్! అఖిల్!" అని గొంతులు చించుకున్నారు. నళిని రెండు చేతులతో నోరు మూసుకుంది. లక్ష్మీపతి నిటారుగా లేచి నిలబడ్డాడు.

"చెప్పానా? చివరికి అట్టిపెడతారని? ఇప్పుడు చూడు శశీ!" అన్నాడు.

శశికాంత్ ఫోన్ తీసి వీడియో పెట్టాడు.

కొండలాంటి పిల్లాడొకడు వంగి కాళ్ళ మధ్య నుంచి బంతి అందించాడు. అఖిల్ దాన్ని రెండు చేతులా గట్టిగా ఒడిసిపట్టుకున్నాడు. పట్టుకుని, ఎటూ కదలకుండా, ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చున్నాడు. ఎవరూ వాడి మీద పడలేదు. ఎవరూ వాణ్ణి తాకలేదు కూడా. ఈల మోగింది, ఆట ముగిసింది, మైదానమంతా కేకలు.

లక్ష్మీపతికి ఆ కేకలు వినపడలేదు. ఆయన కళ్ళకు కనిపించింది ఒకటే. మూడేళ్ళకి ఒక్కసారి బంతి చేతికొస్తే, పరిగెత్తాల్సింది పోయి, తన కొడుకు భయపడి కూలబడ్డాడు. అదీ శశికాంత్ ఫోన్‌లో పడేట్టుగా.

"ఏమండీ, అది అలాగే ఆడతారు. గెలిచినప్పుడు..." అంటోంది నళిని కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు నోర్ముయ్," అని మెట్లు దిగిపోయాడు. ఫొటోలకోసమనుకుని కుటుంబాలన్నీ వెనకే దిగాయి.

తోటి పిల్లలు అఖిల్‌ని భుజాలమీద గుద్దుతున్నారు, జుట్టు చెరిపేస్తున్నారు. వాడు వాళ్ళను విడిపించుకుని, బంతిని చంకలో ఇరికించుకుని, కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. చెమటతో, మట్టితో, చెవులదాకా నవ్వుతో ఉన్నాడు. "నాన్నా! చూశావా?"

"చూశాను. ఊరంతా చూసింది," అన్నాడు లక్ష్మీపతి.

వెనకే కోచ్ వస్తున్నాడు. నెరిసిన గడ్డం, ఎండకి కందిన ముఖం. మన ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లవాడి మాస్టారు ఎదురుపడితే ముందు పిల్లవాణ్ణి తిట్టాలి. వాడు మొద్దని, వాడికి భయమూ భక్తీ లేవని, నాలుగు తగిలించైనా దారిలో పెట్టమని మనమే అనాలి. అది మాస్టారికి మనమిచ్చే గౌరవం. లక్ష్మీపతి చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆయన్ను మాస్టారి ముందు నిలబెట్టి అలాగే అన్నాడు. ఆయనా ఇప్పుడు చేతులు రెండూ దగ్గర పెట్టుకుని, పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ అందరూ వినేట్టు అన్నాడు:

"ఐయామ్ వెరీ సారీ, కోచ్. హి గాట్ స్కేర్డ్. ఫ్రమ్ చైల్డ్‌హుడ్ హి ఈజ్ లైక్ దిస్ ఓన్లీ. యూ గేవ్ హిమ్ ఛాన్స్, హి వేస్టెడ్ ఇట్."

కోచ్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. అఖిల్ తన చంకలోంచి జారబోయిన బంతిని పట్టుకున్నాడు. వాడి ముఖం వైపు చూడటానికి నళినికి ధైర్యం చాలలేదు.

కోచ్ మంచివాడు. పొరపాటెక్కడుందో గ్రహించి, నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ముందున్న జట్టు ఆఖర్లో బంతి పట్టుకుని మోకాలు ఆనిస్తే గడియారం తిరిగి ఆట ముగిసిపోతుంది, అది గెలిచినవాళ్ళు చేసే పని. అలా చెయ్యమన్నది తనే. ఆ ఒక్క బంతి చేజారితే మ్యాచే పోయేది, అయినా ఇంకెవరికీ ఇవ్వాలనిపించలేదు. అవతలి జట్టు ఎత్తులన్నీ వారం వారం నేర్చుకుని, ప్రాక్టీసులో వాళ్ళలా ఆడి చూపించి, రోజూ దెబ్బలు తిన్నది ఈ అబ్బాయే. ఈ సీజన్‌లో ఈ జట్టు గెలిచిన ప్రతి ఆటా ఇతనిది కూడా. నాన్న వస్తున్నాడని ఇతను చెబితే, ఆఖరి బంతి అఖిల్‌కే ఇవ్వాలని పిల్లలందరూ కలిసి తనని అడిగారు.

"అరె! పోరడు మస్తు చేసిండన్నట్టే కదా అన్నా!" అన్నాడు శశికాంత్. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు. రాగిణి కళ్ళు చెమర్చాయి. అందరూ లక్ష్మీపతి వైపు తిరిగారు.

అక్కడితో సరిపోవలసింది. కొడుకు భుజం మీద ఒక చెయ్యి వేస్తే చాలు, ఆ పూటకి అన్నీ సర్దుకునేవి. లక్ష్మీపతికి విషయం అర్థం కాలేదని అనడానికి లేదు, ప్రతి మాటా అర్థమైంది. అందుకే మండింది. నలుగురిలో తను తెలివితక్కువవాడినని తేలిపోయింది. తేల్చింది ఎవరు? ఎదురుగా బంతి పట్టుకుని నిలబడ్డ వీడు. ఇప్పుడు తగ్గితే తన పరువేం కాను?

ఆయన నవ్వాడు. తెలుగులోకి దిగి, మనవాళ్ళ వైపు తిరిగి అన్నాడు: "ఏముందిలే శశీ! మూడేళ్ళు నీళ్ళు మోసినవాడికి కూలి ఇచ్చారు. మావాడికి నిలబడి చేసే పని ఏదీ చేతకాదు. కూర్చోమన్నారా, స్టేట్ ర్యాంకు!"

ఎవరో ఫక్కుమన్నారు. దాంతో ఇంకొందరు నవ్వారు. నవ్వకపోతే బాగుండదన్నట్టు శశికాంత్ కూడా నవ్వాడు. ఇందాక తన మీద పడిన నవ్వు ఇప్పుడు కొడుకు మీదికి మళ్ళింది, లక్ష్మీపతికి కావలసింది అదే.

అఖిల్‌కి మాట్లాడటానికి తడబాటు గానీ వినడానికి కాదు. ఒక్క ముక్క పోకుండా విన్నాడు.

ఆ నవ్వులు చూసి కోచ్ ముఖం కూడా విచ్చుకుంది. అపార్థం తొలగిపోయిందనుకున్నాడు. అఖిల్ వీపు మీద చెయ్యి వేసి, మీ నాన్న ఏమన్నారని అడిగాడు.

నవ్వులు ఆగిపోయాయి. అఖిల్ తండ్రి ముఖంలోకి చూశాడు. వాడి కళ్ళల్లో కోపం లేదు, ఏడుపూ లేదు. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"హి సెడ్ హి ఈజ్ ప్రౌడ్ ఆఫ్ మీ, కోచ్," అన్నాడు.

తెలుగు కుటుంబాల్లో ఒక్కరూ తలెత్తలేదు. అఖిల్ కంచె మీదుగా వంగి బంతిని వాళ్ళమ్మ చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి జట్టు దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు. కోచ్ సంతోషంగా ముందుకొచ్చి, "యూ షుడ్ బి, సర్!" అంటూ లక్ష్మీపతి వైపు చెయ్యి చాచాడు. పట్టుకోక తప్పలేదు. ఆ పెద్ద చెయ్యి ఆయన చేతిని వదలకుండా ఊపుతూనే ఉంది.

"థాంక్యూ," అన్నాడు లక్ష్మీపతి. "థాంక్యూ, కోచ్."