ఒప్పుకోలు కాగితం

బుధవారం మధ్యాహ్నం లాండ్రీ ఆవరణలో ప్రార్థన ముగిసి పాస్టరు గారు ఆమేన్ అనబోతుండగా మిషన్ల షెడ్డులోంచి కేక వినపడింది.

పేరుకే అది భోజనం వేళ. రోలర్లు మాత్రం ఆగవు. సగం మంది ప్రార్థనకు వస్తే మిగతా సగం మంది మిషన్ల దగ్గర ఉంటారు. ఆసుపత్రుల దుప్పట్లూ లాడ్జీల దుప్పట్లూ ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీ అది. తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని కాగుతున్న రోలరుకు అందిస్తారు. ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే కడ్డీ కదలాలి, కడ్డీ కదిలితే రోలరు ఆగాలి. ఆ రోజు ఆగలేదు. నవ్వులక్క కుడిచెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది.

ఆ పేరు సాటి ఆడవాళ్ళు పెట్టింది. అంత ఆవిరిలో, అంత చప్పుడులో కూడా నవ్వు ఆపుకోలేని మనిషి.

పాస్టరు గారు పరుగెత్తుకు వెళ్ళేసరికి ఎవరో మిషను ఆపారు. నలుగురు కలిసి రోలరును పైకెత్తుతున్నారు. సూపర్‌వైజరు ఆమె వైపు చూడను కూడా లేదు. జేబులోంచి కటింగ్ ప్లేయరు తీశాడు. కడ్డీ కదలకుండా బిగించి కట్టిన తీగను రెండు చోట్ల కత్తిరించి, ముక్కలు జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత అంబులెన్సు కోసం అరిచాడు.

అదంతా పాస్టరు గారు నాలుగడుగుల దూరం నుంచి చూశారు. మిషన్ల సంగతి మనకేం తెలుస్తుందిలే అని తనకు తానే సర్ది చెప్పుకున్నారు.

అలా సర్ది చెప్పుకోవడానికి కారణం లేకపోలేదు. లాండ్రీ యజమానే సంఘపెద్ద. అందరూ పెద్దాయన అంటారు. చర్చి ఉన్న స్థలం ఆయనది, పైన రేకులు ఆయన వేయించినవి, పాస్టరు గారు కాపురముంటున్న రెండు గదులూ ఆయనవే. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని ప్రభువు బల్ల రొట్టెముక్కల పళ్ళెంతో వరసల మధ్య మెత్తగా నడుస్తాడు. సోమవారం గంటకు ఎన్ని దుప్పట్లు తెమలాలో షెడ్డు గోడ మీద రాయిస్తాడు. ఆ అంకె పెరుగుతుందే గాని తగ్గదు. చెయ్యి తగిలిన ప్రతిసారీ రోలరు ఆగితే ఆ అంకె అందదు. అందుకే తీగ.

మర్నాడు పాస్టరు గారు ఆసుపత్రికి వెళ్ళారు. అప్పటికి నాలుగు వేళ్ళు తీసేశారు. రోగి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించే ముందు రోగి తన పాపాలు ఒప్పుకోవాలి. ఆ పద్ధతి పెట్టింది పాస్టరు గారే. పాపం లేనిదే బాధ రాదని పదకొండేళ్ళుగా చెబుతున్నదీ ఆయనే.

నవ్వులక్క కళ్ళు మూసుకుని ఒప్పుకుంది. "ఆడపడుచుతో మాటలు మానేశానయ్యగారూ. రెండు శుక్రవారాలు ఒళ్ళు నొప్పులని ప్రార్థన కూటం ఎగ్గొట్టాను. అందుకే దేవుడు ఈ చెయ్యి తీసుకున్నాడు. అంతా నా వల్లే."

పాస్టరు గారికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ మెత్తబడ్డ మనసుతోనే తిరుగుదారిలో పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఆమె తేరుకుంది, అంతా తన వల్లేనని ఒప్పుకుంది అని చెప్పారు.

"ఎంత మంచి సాక్ష్యం," అన్నాడు పెద్దాయన. "పదిమందికి పనికొస్తుంది. నాలుగు ముక్కలు రాసి సంఘం ముద్ర వేసివ్వండి పాస్టరు గారూ."

పాస్టరు గారు నాలుగు ముక్కలు రాశారు. మాటలు ఎలా ఉండాలో పెద్దాయన పక్కనుంచి చెబుతూనే ఉన్నాడు.

శనివారం ఉదయం ఎనిమిది మంది ఆడవాళ్ళు పాస్టరు గారి వంటింట్లోకి నేరుగా వచ్చేశారు. పాస్టరమ్మ మర్నాటి ప్రభువు బల్ల కోసం ద్రాక్షరసం పోసే చిన్న గిన్నెలు తోముతోంది. నిలబడటానికి చోటు లేక ఇద్దరు గడప మీదే కూర్చున్నారు. ముందున్నది పెద్దగొంతు. చర్చిలో పాట ఎత్తేది ఆమే, రోలరు దగ్గర నవ్వులక్కతో దుప్పటి రెండో కొస పట్టుకునేదీ ఆమే.

"అయ్యగారూ, నిన్న సర్కారు విచారణ ఆఫీసరు ఆసుపత్రికి వచ్చాడు. ప్రమాదం తన వల్లే జరిగిందని ఈమె పాస్టరు ఎదుట ఒప్పుకుంది అని ఒక కాగితం చదివాడు. కింద మీ సంతకం. ఇక ఆ పిల్ల నోరు తెరిస్తే ఒట్టు. మీరు రాస్తే దేవుడు రాసినట్టే దానికి."

పాస్టరు గారు చేతులు అడ్డంగా ఊపారు. "నేను ప్రార్థన సంగతి రాశానమ్మా. దాన్ని ఇలా వాడతారని నాకేం తెలుసు."

"మీకు తెలియదు. మాకు తెలుసు. అందుకే పెద్దాయన ముందు మేం తుమ్మాలన్నా ఆలోచిస్తాం."

గడప మీద కూర్చున్న పొట్టామె అందుకుంది. "మా ఆయన మీద కంచం విసిరానని మొన్న మీ దగ్గర ఒప్పుకున్నానే. అది కూడా ఆఫీసరు దగ్గరకు పోయిందేంటయ్యగారూ?"

ఒకరిద్దరు నవ్వారు. పాస్టరు గారికి మాత్రం ఆ నవ్వు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

"మంగళవారం విచారణ ముగుస్తుంది," అంది పెద్దగొంతు. "తప్పు దానిదని తేలిస్తే ఉద్యోగం పోతుంది. వైద్యం ఆపేస్తారు. కంపెనీ గది ఖాళీ చెయ్యాలి. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ మొండి చేత్తో ఎక్కడికి పోతుంది? ఇంకో సంగతి. తీగ మళ్ళీ కట్టేశారు. ఇప్పుడు ఆ కొస నా మేనకోడలు పట్టుకుంటోంది."

"ఓర్చుకోవాలమ్మా," అన్నారు పాస్టరు గారు, అలవాటైన మాట నోట్లోంచి తనంతట తనే వచ్చేసింది. "శిష్యులైనవాళ్ళకు శ్రమ తప్పదు."

"శ్రమ గురించి మాకు చెప్పకండి. రోజూ పది గంటలు నిలబడి వస్తున్నాం. శిష్యులంటే వెనక నడిచేవాళ్ళని మీరే అన్నారు. ఎవరి వెనక నడుస్తున్నారు మీరు? దేవుడి వెనకా, పెద్దాయన వెనకా?"

వాళ్ళు వెళ్ళిపోయాక పాస్టరమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడింది.

"బుధవారం రాత్రి మీరు కంచం ముందునుంచి లేచిపోయారు. ఏం చూశారంటే చెప్పలేదు. ఇప్పుడు చెప్పండి."

చెప్పారు. తీగ, ప్లేయరు, జేబు, అన్నీ. చెప్పి, "ఇది బయటపెడితే మనం ఎక్కడుంటాం? ఈ ఇల్లు ఆయనది," అన్నారు.

"ఇల్లు ఆయనదే. మీ నోరు కూడా ఆయన కట్టించిందేనా?" అని ఆమె మళ్ళీ గిన్నెల దగ్గరకు వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి నిండింది. ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మీదైనా కోపం మనసులో పెట్టుకున్నవాళ్ళు ప్రభువు బల్ల ముట్టకూడదు. మామూలుగా కోపం ఉన్నవాళ్ళు కూడా నలుగురూ చూస్తారని చెయ్యి చాపేస్తారు. పెద్దాయన పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ మొదటి వరసకు వచ్చాడు. ఎవరూ చెయ్యి చాపలేదు.

"తీసుకోమ్మా," అన్నాడు మెల్లగా.

"కోపం ఉందండీ," అంది పొట్టామె.

"ఎవరి మీద?"

"పళ్ళెం పట్టుకున్నవాళ్ళ మీద."

రెండో వరస. మూడో వరస. నలభై ఇద్దరు ఆడవాళ్ళు, నలభై ఇద్దరి చేతులూ ఒళ్ళోనే. పళ్ళెంలో రొట్టె తగ్గకుండా తిరుగుతోంది. మగవాళ్ళ వైపునుంచి సూపర్‌వైజరు లేచాడు. "ఇది చర్చి. యూనియన్ ఆఫీసు కాదు."

"యూనియన్ పెట్టనిచ్చారా మీరు?" పెద్దగొంతు కూర్చున్నచోటునుంచే అంది. "మాకు కూడుకోవడానికి ఉన్నది ఇదొక్కటే."

పాస్టరు గారు బల్ల వెనక నిలబడి చూస్తున్నారు. పదకొండేళ్ళుగా ఆయన ఎదుటికి వచ్చినవన్నీ అరచేతులే. ఇవాళ చేతులు బోర్లా ఒళ్ళో ఉన్నాయి. ప్రతి చేతి మీదా కాలిన మచ్చలున్నాయి. కొన్ని నల్లగా మాడినవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి. ఈ మందకు కాపరినని తను చెప్పుకున్నారు. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టుకున్నారు గాని ఏ ఒళ్ళు ఎక్కడ కాలిందో ఒక్కనాడూ అడగలేదు. పైగా ఆ మంట వాళ్ళ పాపం వల్లేనని బోధించారు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేనూ ఇవాళ బల్ల ముట్టను," అన్నారు. "కడ్డీకి తీగ కట్టి ఉండటం నేను చూశాను. చెల్లెమ్మ చెయ్యి రోలరులో ఉండగా సూపర్‌వైజరు ఆ తీగ కత్తిరించడం చూశాను. ఆమె దేవుడితో చెప్పుకున్న మాటను నేను యజమానికి అందించాను. ఆ కాగితం అబద్ధం. మంగళవారం ఆఫీసరు ముందు అదే చెబుతాను. పాపం వల్లే బాధ వస్తుందని మీకు నేర్పాను. అదీ అబద్ధమే. ఈ బాధ ఎవరి వల్ల వచ్చిందో మీకు నాకంటే బాగా తెలుసు."

పెద్దాయన పళ్ళెం బల్ల మీద పెట్టాడు. "పాస్టరు గారూ, మీరు నిలబడ్డ నేల ఎవరిదో మర్చిపోతున్నారు."

"పదకొండేళ్ళు అదొక్కటే గుర్తుపెట్టుకున్నానండీ," అన్నారాయన.

సోమవారం సాయంత్రానికి చర్చికి తాళం పడింది. పాస్టరు గారి మంచాలూ పెట్టెలూ వీధిలోకి వచ్చాయి. చీకటి పడకముందే ఆడవాళ్ళు వాటిని తలా ఒకటి పట్టుకుపోయారు. మంచం పొట్టామె ఇంట్లో, పుస్తకాలు పెద్దగొంతు ఇంట్లో, పాస్టరు గారూ పాస్టరమ్మా నవ్వులక్క గదిలో.

మంగళవారం ఉదయం షిఫ్టు గంట మోగింది. నలభై ఇద్దరూ గేటు ముందు నేల మీద కూర్చున్నారు. విచారణ ఆఫీసరు పెద్దాయన కారులోనే వచ్చాడు. పాస్టరు గారు కొత్తగా రాసిన కాగితం చాపితే తీసుకోలేదు.

"ముందొకటి రాసి ఇప్పుడొకటంటే ఎలా నమ్మేది?"

"నన్ను నమ్మొద్దు. వీళ్ళను అడగండి."

"మధ్యలో వీళ్ళెవరు?"

"రోజూ ఆ కడ్డీ ముందు నిలబడేవాళ్ళం," అంది పెద్దగొంతు. "మీరు ఇంతదాకా అడగనివాళ్ళం."

పోలీసు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పాస్టరు గారిని పక్కకు పిలిచాడు. "మీరు చదువుకున్నవాళ్ళు. ఆడవాళ్ళను రెచ్చగొట్టకుండా ఇళ్ళకు పంపించండి."

"వీళ్ళను నేను పిలవలేదు. వీళ్ళే నన్ను పిలిచారు. ఆలస్యంగా వచ్చాను."

ఆయన్ను జీపెక్కించారు. పాస్టరమ్మ జీపు దాకా నడిచి వెళ్ళి ఆయన కళ్ళజోడు సరిచేసి, ఏడవకుండా తిరిగొచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. జీపు కదలగానే పెద్దాయన నలుగురు కొత్త కూలీలను లోపలికి తోసి, రోలర్లు తిప్పమని సూపర్‌వైజరుకు చెయ్యి ఊపాడు.

రోలర్లు తిరిగాయి. కాసేపటికి బాయిలరు మనిషి మసిచేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చర్చి గడప ఏనాడూ తొక్కనివాడు. దేవుడి మాట ఎత్తితే వెక్కిరించేవాడు.

"మంట ఆర్పేశాను," అన్నాడు పెద్దాయనతో. "తిప్పుకోండి సారూ. రోలరు చల్లగా ఉంటుంది, తీగ కట్టుకున్నా ఎవరి చెయ్యీ కాలదు." ఆ తర్వాత పాస్టరమ్మ వైపు తిరిగాడు. "అమ్మగారూ, బాప్తిస్మం లేనివాళ్ళు కూర్చోవచ్చా?"

"జరగండమ్మా," అంది పాస్టరమ్మ. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. బాయిలరు మనిషి వెనకే ఉతుకు షెడ్డు మగవాళ్ళు, దుప్పట్ల మూటలు మోసేవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి కూర్చున్నారు. బయట ఆసుపత్రి లారీలు మూడు, నాలుగు, ఐదు వరసకట్టాయి. ఎక్కించే చెయ్యి లేదు.

ఆఫీసరు పెద్దాయన ముఖం చూశాడు, లారీలు చూశాడు, గేటు ముందు కూర్చున్న మనుషుల్ని చూశాడు. లోపలికి వెళ్ళబోయినవాడు ఆగి, గేటు మెట్టు మీద కూర్చుని ఫైలు తెరిచాడు.

"సరే. ఎవరు చెబుతారు?"

"అందరం," అంది పెద్దగొంతు. "కాగితాలు చాలినన్ని తెచ్చుకున్నారా? లేకపోతే తెప్పించుకోండి. మేం ఎటూ పోం. తొందర మీకే గాని మాకు లేదు."

మొదట పెద్దగొంతు మేనకోడలు లేచి నిలబడింది.