బ్రేకులెవరు చేశారు?

తండ్రి నోటి నుంచి నలుగురి ముందు ఒక్క మాట రావాలి. నెల్డా కోరుకున్నది అంతే. యాభై దాటిన మనిషి, స్కూలు బస్సు నడుపుకుంటూ తన బతుకు తాను బతికే మనిషి, నాన్న మెచ్చుకోలు కోసం ఇంకా చిన్నపిల్లలా ఎదురుచూడటమేమిటని ఎవరైనా అనవచ్చు. ఆ అనేవాళ్ళను చలికాలమంతా షెడ్డులో సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని, మొహాన తుప్పు రాల్చుకుని రమ్మనండి. అప్పుడు మాట్లాడదాం.

పికప్ ట్రక్కు తండ్రి హార్లన్‌ది. పెళ్ళయిన ఏడాది కొన్నది. పొలం అమ్మేశాక షెడ్డులో మూలపడి ఎలుకల పాలైంది. సెప్టెంబరులో కోర్టు ముందు పచ్చికలో జరిగే పాత బండ్ల ప్రదర్శనలో దాన్ని నిలబెట్టాలనే కోరిక ముసలాయనకు పట్టుకుంది. మోకాళ్ళు వంగవు, కంటిచూపు అంతంతమాత్రం. కూతురు తప్ప ఇంకెవరు దొరుకుతారు?

మా నెబ్రాస్కాలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, బళ్ళను అడుగు నుంచి తినేస్తుంది. బ్రేకు గొట్టాలు వేలితో నొక్కితే పొడైపోయాయి. నెల్డా నాలుగు చక్రాలూ ఊడదీసి, అరిగిన బ్రేకు షూలూ స్ప్రింగులూ మార్చి, కొత్త గొట్టాలు తనే చేత్తో వంచి బిగించడం మొదలుపెట్టింది.

"ముందు బ్రేకులు కానీ నాన్నా. ఇంజన్ రంగు తర్వాత. బ్రేకు నూనె పడితే రంగు ఊడొస్తుంది" అని చెప్పింది.

వింటేగా! ప్రదర్శనలో అందరూ బానెట్ ఎత్తి చూస్తారు, బండి కిందికి ఎవరు దూరతారు? పైగా ఆ ఆదివారం ఒమాహా నుంచి కొడుకు కర్బీ వచ్చాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఇంజన్‌కి ముదురు నీలం రంగు కొట్టి, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. పోయేముందు కర్బీ, అక్కకి సాయం చేస్తున్నానని, ఇంజన్ పక్కనున్న బ్రేకు నూనె డబ్బా పొంగిపొర్లేదాకా పోసి మరీ పోయాడు. మర్నాటికి రంగంతా కాగిన పాల మీద మీగడలా ముడతలు పడింది.

నెల్డాకి ఒళ్ళు మండింది. అయినా అదంతా గీకి, కడిగి, మళ్ళీ తనే రంగు వేసింది.

గొట్టాల్లో గాలి తీయడం ఒంటి చేత్తో అయ్యే పని కాదు. హార్లన్ బ్రేకు పెడల్ మీద కాలు పెట్టి సీట్లో కూర్చున్నాడు, ఆమె గాలి వదిలే మర తిప్పడానికి చక్రం పక్కన కింద పడుకుంది.

"తొక్కు నాన్నా. అలాగే పట్టుకో... వదలకు! వదిలావంటే మళ్ళీ గాలి పీలుస్తుంది."

"ఏమే, నీకు ఈ పని నేర్పిందే నేను. నాకే పాఠాలా?"

"నేర్పినోడివి సరిగ్గా తొక్కొచ్చుగా!"

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు వింటూ నెల్డా అనుకుంది, ఈసారి చెబుతాడు, తప్పకుండా చెబుతాడు అని.

ప్రదర్శన రోజున కర్బీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యాపిల్లలతో వచ్చి, బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పాత నేస్తం ఎల్డన్ బానెట్ కిందికి తొంగిచూశాడు.

"ఓరి హార్లన్! ఇంజన్ అద్దంలా ఉందిరా. ఎవరి పనితనం?"

"ఇంకెవరు? నేనూ మావాడూ."

కర్బీ సిగ్గు లేకుండా ఇకిలించాడు. మొక్కజొన్న కండె కొరుకుతున్న నెల్డా దాన్ని పక్కన పెట్టేసింది. సరే, రంగు పోతే పోయింది, బ్రేకులున్నాయిగా అని సర్దిచెప్పుకుంది.

ఎల్డన్ అందరిలాంటివాడు కాడు. మూలుగుతూ వంగి కిందికి చూశాడు. "బాబోయ్, ఈ గొట్టాలు చూడండి! ఒక్క నొక్కు లేదు. బ్రేకులెవరు చేశారు?"

నెల్డా ఒక అడుగు ముందుకేసింది. హార్లన్ ఆమెను చూశాడు. చూడలేదనడానికి వీల్లేదు, కళ్ళలోకే చూశాడు.

"పట్నంలో ఒక షాపువాళ్ళు" అన్నాడు.

"నంబరివ్వరా, నా బండీ వాళ్ళకే ఇస్తాను."

"ఇప్పుడు లేరులే. మూసేశారు."

ఆడపిల్ల చేసిన బ్రేకులంటే ఆ ముసలిమూక నవ్వుతుందని భయం ఆయనకి. ఆ భయానికి కూతుర్ని బతికుండగానే షాపుని చేసి, ఆ షాపుకి తాళం కూడా వేశాడు.

సాయంత్రం జనం పలచబడ్డాక హార్లన్ తాళాలు కొడుకు చేతిలో పెట్టాడు. "తీసుకుపోరా. ఇక నీదే."

పిల్లలు ముందు సీటులోకి ఎక్కేశారు. కర్బీ తాళాలు పట్టుకుని తటపటాయించాడు. "నాన్నా, నది దగ్గర ఆ పల్లం ఉంది కదా. పిల్లలున్నారు. బ్రేకులు నమ్మొచ్చంటావా?"

హార్లన్ అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో నెల్డా, కర్బీ కుటుంబం తప్ప ఎవరూ లేరు. గొంతు తగ్గించాడు.

"ధైర్యంగా పో. మీ అక్క చేసింది."

"అయితే భయం లేదు" అని కర్బీ ఎక్కి కూర్చున్నాడు. మలుపు దగ్గర ఎవరో ఒకావిడ రోడ్డు దాటుతుంటే పికప్ కీచుమనకుండా, మెత్తగా ఆగి, మళ్ళీ కదిలిపోయింది.

"చూశావుటే, ఎంత చక్కగా ఆగిందో!" అన్నాడు హార్లన్ మురిసిపోతూ.

"నాతో ఎందుకు నాన్నా? వెళ్ళి ఎల్డన్‌తో చెప్పు."

ఆయన వినబడనట్టు టోపీ సర్దుకున్నాడు. "కాస్త నన్ను ఇంటి దగ్గర దింపుతావా?"

దింపింది. ఎప్పటిలా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించలేదు. ఆయన కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, కారులో కూర్చుని చూసింది.