రూత్ వాయించిన పొడుగు పాట

చర్చిలో కీబోర్డు వాయించే రూత్ హైదరాబాద్‌లో ఒక రాక్ బ్యాండులో చేరింది. నాగిరెడ్డిపేట దగ్గర మైదానంలో వాళ్ల కచేరీ అని తెలిసి, తల్లి సాలవ్వ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చి ముందర కూర్చుంది.

పాట నడుమ ఆగింది. సాలవ్వ ఒక్కతే చప్పట్లు కొట్టింది. పాట మళ్లీ మొదలైంది.

"ఇంకా అయిపోలేదు పెద్దమ్మా, ఇదంతా ఒకటే పాట," అన్నాడు పక్కనున్న గడ్డపాయన.

ఇంతలో వాన పడింది. జనమంతా చెట్ల కిందికి ఉరికారు.

"తడుస్తవ్, రా పెద్దమ్మా!"

"నా బిడ్డ వాయిస్తుంటే ఎట్ల లేస్త?" అని సాలవ్వ నెత్తిన కొంగు కప్పుకుంది.

బ్యాండు పాట మొత్తం ఆమె ఒక్కదానికే వినిపించింది. రూత్ స్టేజీ దిగి ఉరికొచ్చి, తడిసిన తల్లిని గట్టిగా పట్టుకుంది.

"ఎట్లుందవ్వా?"

"పొడుగుంది," అంది సాలవ్వ. "మంచిగనే ఉంది."

ఇద్దరూ చాయ్ తాగడానికి పోయారు.